ఊరిన అర్జీలు

ఎడ్మండ్ పెన్‌ఫోల్డ్ దొర ఇంగ్లండులో ఒక పల్లెటూరి పాదిరీగారి ఇంట్లో ఆరో సంతానంగా పుట్టాడు. ఆ దేశంలో ఉన్న ఉద్యోగాలు మొదటి అయిదుగురికీ సరిపోవడంతో ఆరోవాడికి మన దేశం మిగిలింది. ఆయన గ్రీకు పద్యాలు తప్పుల్లేకుండా రాశాడు. పడవ పందెంలో రెండోవాడిగా వచ్చాడు. కనుక మెట్టభూములకు శిస్తు నిర్ణయించడంలోనూ, చెరువు తూముల తగాదాలు తీర్చడంలోనూ సమర్థుడని పరీక్షాధికారులు నిర్ధారించారు.

ఓడ దిగేనాటికి ఆయనకు ఇరవై మూడేళ్లు. ఆ తర్వాత పదిహేడేళ్లు రకరకాల ఊళ్లలో పనిచేశాడు. ఒక ఊళ్లో పెళ్లి చేసుకున్నాడు. ఇంకో ఊళ్లో, రెండేళ్లు తిరక్కముందే, ఆ దొరసాని విషజ్వరంతో పోయింది. ఆమెను అక్కడి మట్టిలోనే ఉంచి ఆయన మూడో ఊరికి బదిలీ అయ్యాడు. సర్వీసు పుస్తకంలో దీని గురించి ఒకే ముక్క ఉంది: ‘మూడు దినములు సెలవు.’ అప్పటినుంచీ ఆయన ఒక్కడే తినేవాడు, ఒక్కడే షికారు వెళ్లేవాడు. గుర్రాన్ని కూడా ‘మీరు’ అనేవాడని చెప్పుకునేవారు.

మనిషి చెడ్డవాడు కాదు. లంచం ముట్టడు, చేయి ఎత్తడు, కేకలు వేయడు. ఆయనకున్న వ్యసనం ఒక్కటే. తర్కం.

పెన్నవరం జిల్లా కలెక్టరుగా ఆయన చార్జి తీసుకున్న ఉదయం, హుజూరు కచేరీలోని నలభై ముగ్గురు ఉద్యోగులూ తలపాగాలు సర్దుకుని వరసగా వచ్చి, ఒక్కొక్కరూ ఒక్కొక్క నిమ్మకాయ బల్లమీద పెట్టి, వంగి సలాం చేసి పక్కకు తప్పుకున్నారు. పెద్దల్ని చూడబోయేవాళ్లు వట్టి చేతులతో పోకూడదన్నది మనవాళ్ల మర్యాద. గుడికి కొబ్బరికాయ, పసిపిల్లలున్న ఇంటికి పటికబెల్లం, దొరకు నిమ్మకాయ. ఇంతకుముందు ఊళ్లలో చిన్న దొరగా ఉన్నాడు కనుక ఆయనకు ఈ మర్యాద అందలేదు. నలభై ముగ్గురు మనుషులు, నలభై మూడు కాయలు. నలభై నాలుగోది దొర్లి కింద పడితే డఫేదారు ఖాదర్ సాయిబు వంగి తీసి పెట్టాడు. అది ఎవరిదో ఈనాటికీ తెలియదు.

పెన్‌ఫోల్డ్ దొర రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఉద్యోగంలో చేరిన పూటే కచేరీ మొత్తం తనను కొనేస్తోందని ఆయనకు అనిపించింది. దీని తాత్పర్యం ఏమిటని శిరస్తాదారును అడిగాడు.

శిరస్తాదారు అంటే కచేరీలో దొర తర్వాత దొర. ఆయన పేరు చేజర్ల అనంతశయనం పంతులు. ముప్ఫై యేళ్ల సర్వీసులో తొమ్మిదిమంది కలెక్టర్లను దింపుకుని ఎక్కించినవాడు. ఆయన ఎవరికీ ఎప్పుడూ అవుననలేదు, కాదనలేదు. ‘చిత్తం’ అనేవాడు. ఆ చిత్తాలు పదకొండు రకాలని గుమాస్తాలు లెక్క తేల్చారు. ఒకటి సరేనని, ఒకటి కుదరదని. మిగతా తొమ్మిదింటికీ అర్థం ఒకటే: తమరు బదిలీ అయ్యాక చూద్దాం అని.

ఆ పూట పంతులుగారు చిత్తం అని, బీరువాలోంచి ఒక పాత సర్క్యులరు తీసి చూపించారు. అందులో ఇలా ఉంది: ‘ఉద్యోగస్థులు దేశస్థుల వద్దనుండి ఒక్క నిమ్మకాయ తప్ప మరేదియు స్వీకరింపరాదు.’

దాన్ని రాసినవాడి ఉద్దేశం ఏమీ పుచ్చుకోవద్దనే. కాయ సంగతి మర్యాద కోసం వదిలేశాడు. అంతకుముందు తొమ్మిదిమంది దొరలూ దాన్ని అలాగే చదువుకున్నారు. పెన్‌ఫోల్డ్ దొర మూడు రోజులు చదివాడు. నాలుగో రోజు పంతులుగారిని పిలిచి, మున్షీ దగ్గర నేర్చుకున్న తెలుగులో, క్రియాపదం చివరికి వచ్చి కూర్చునేదాకా ఎదుటివాణ్ణి నిలబెట్టే తెలుగులో, తన తర్కం వినిపించాడు.

ఏమీ పుచ్చుకోని ఉద్యోగి తాను పుచ్చుకోలేదని ఎలా రుజువు చేస్తాడు? లేనిదానికి సాక్ష్యం ఉండదు. నిమ్మకాయ పుచ్చుకున్నవాడి దగ్గర నిమ్మకాయ ఉంటుంది. అది చూపించి, నేను పుచ్చుకున్నది ఇదే అని చెప్పగలడు. కాబట్టి నిమ్మకాయ పుచ్చుకోవడమే నిజాయితీకి రుజువు. పుచ్చుకోకపోవడం అనుమానానికి తావు.

పంతులుగారు చిత్తం అన్నారు. అది ఏడో రకం.

మర్నాడు చాటింపు వేశారు. ‘ఇందుమూలముగా యావన్మందికిని తెలియజేయడమేమనగా, హుజూరు కచేరీయందు దాఖలు చేయు ప్రతి అర్జీకిని ఒక నిమ్మకాయ జతపరచవలెను. నిమ్మకాయ లేని అర్జీదారుడు అంతకంటె పెద్దది ఏదో ఎవరికో ఇచ్చియున్నట్లు భావింపబడును.’

జనానికి ఇందులో వింత ఏమీ కనిపించలేదు. వాళ్లు ఎలాగూ తెస్తున్నారు. చిక్కు మొదటి వారంలోనే వచ్చింది. ఒక పెద్ద ఊరి మునసబు, తన ఊరి గౌరవానికి నిమ్మకాయ చిన్నదని, దబ్బకాయ తెచ్చాడు. అది పసిబిడ్డ తలంత ఉంది. దొర దాన్ని తూకం వేయించి, ఇది ఒక నిమ్మకాయా ఎనిమిది నిమ్మకాయల లంచమూ అని నిర్ణయించి, మునసబును సంజాయిషీ అడిగాడు. ఆ సంజాయిషీ పట్టుకొచ్చేటప్పుడు మునసబు జాగ్రత్తపడి గోలీకాయంత నిమ్మపిందె తెచ్చాడు. అది కచేరీని అవమానించడం కిందికి వచ్చింది.

అందుచేత కంసాలిని పిలిపించి రెండు ఇత్తడి ఉంగరాలు చేయించారు. ఒకటి పెద్దది, ఒకటి కాస్త చిన్నది. పెద్దదాంట్లోంచి పడి చిన్నదాంట్లో ఆగేదే సర్కారు దృష్టిలో నిమ్మకాయ. ఆ ఉంగరాలు రెండూ ఎర్రతాడుకు కట్టి ఖాదర్ సాయిబు మెడలో వేశారు. సాయిబు పొడుగాటి మనిషి. గడ్డం నెరిసింది, గుండె మెత్తన. నడుస్తుంటే ఉంగరాలు గణగణమనేవి. దానివల్ల ఒక మేలు జరిగింది. ఆయన వస్తున్నట్టు ముందే తెలిసి, అరుగుమీద కునుకు తీస్తున్న అర్జీదార్లు లేచి కూర్చునే వీలు కలిగింది.

తర్వాతి చిక్కు నిమ్మకాయ గుణంలోనే ఉంది. అది ఎండిపోతుంది. ఎండిన కాయ ఏం సాక్ష్యం చెబుతుందని దొర ఆలోచించి, ‘అర్జీతో వచ్చిన కాయ ఎండిపోవులోగా ఆ అర్జీని తీర్మానింపవలెను’ అని ఉత్తరువు చేశాడు. ప్రతి శనివారమూ తానే వచ్చి, దస్త్రాల మీది కాయల్ని బొటనవేలితో నొక్కి చూసేవాడు. రసం ఊరితే గడువు ఉన్నట్టు. పొట్టు రాలితే గుమాస్తాకు సంజాయిషీ.

ఇక్కడ నేనొక మాట ఒప్పుకోవాలి. ఆ ఉత్తరువు వచ్చాక రెండు నెలలపాటు పెన్నవరం కచేరీలో జరిగింది ఏ దేశపు కచేరీలోనూ జరిగి ఉండదు. సోమవారం ఇచ్చిన అర్జీకి మరుసటి బుధవారానికి జవాబు వచ్చేది. తాతలనాటి గట్టు తగాదాలు తెగిపోయాయి. వాయిదాలకు అలవాటుపడ్డ కక్షిదార్లు దిక్కుతోచక, ఇప్పుడేం చేయాలని ఒకరినొకరు అడిగారు. మూర్ఖత్వం కూడా ఒక్కోసారి తెలియకుండా పుణ్యం చేస్తుంది. ఆ రెండు నెలలు అటువంటివి.

గుమాస్తాలు చిక్కిపోయారు. వాళ్లను ఆదుకున్నది ఒక జాబుల గుమాస్తా భార్య. ఆ ఇల్లాలు పేరు ఎవరూ రాసిపెట్టలేదు. మొగుడు అన్నం ముందు కూర్చుని, కాయ ఎండకుండా ఉండే ఉపాయం లేక ప్రాణం పోతోందని ఏడిస్తే, ఆమె విస్తట్లో ఊరగాయ వడ్డిస్తూ, ‘ఇది నిరుటిది’ అందిట.

అంతే. మర్నాటినుంచి కచేరీ డాబా మీద నిమ్మకాయలు నాలుగు పక్షాలుగా కోసి, అడుగు విడిపోకుండా, ఉప్పూ పసుపూ కూరి, ఎండబెట్టడం మొదలైంది. తాలూకాకొక జాడీ. జాడీ మూతకు గుడ్డ కట్టి లక్కతో సీలు వేశారు. ఒక్కో కాయకు దారంతో అర్జీ నంబరు. శనివారం దొర వచ్చి నొక్కితే రసం ధారగా కారేది. ఇవి ఎండలేదు, కనుక గడువు మీరలేదు అని ఆయన తృప్తిగా చేయి కడుక్కునేవాడు. అర్జీలు మళ్లీ కదలడం మానేశాయి. మూడేళ్లయినా చెక్కుచెదరని గడువు వాటికి దొరికింది.

ఉప్పు పాళ్లు తెలిసిన చేయి ఇంట్లో ఉండడం ఎంత భాగ్యమో, ఆ చేయి లేనివాళ్లకే తెలుస్తుంది. పెన్నవరం రికార్డు గదికి ఆ భాగ్యం పట్టింది. మిగతా జిల్లాల్లో పాత కాగితాల గదికి పొమ్మంటే శిక్ష. పెన్నవరంలో గుమాస్తాలు ఆ గదికి సిఫార్సులు పెట్టుకునేవారు. మధ్యాహ్నం ఇంటినుంచి వట్టి పెరుగన్నమే తెచ్చుకునేవారు. ఏటా కొన్ని అర్జీలకు సాక్ష్యం కనపడకుండా పోయేది. అర్జీదారుకు ఆసక్తి లేదని రాసి అటువంటివాటిని కొట్టేసేవారు.

ఆరేళ్లు ఇలా గడిచాయి. దొర మీద ఒక్క ఫిర్యాదూ పైకి పోలేదు. ఫిర్యాదులన్నీ జాడీల్లో ఉన్నాయి. కచేరీ ఆవరణలో సర్కారు నిమ్మతోట వేశారు. అర్జీదార్ల కోసం కాదు. సర్కారు కాయను సర్కారుకే ఇస్తే సర్కారు తనకు తానే లంచం ఇచ్చుకున్నట్టవుతుందని దొర స్పష్టం చేశాడు. ఉంగరాల కొలత సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఆ తోట.

ఆ తోటలోకే ఒక చైత్రమాసం పొద్దున నల్లపూస జొరబడింది.

నల్లపూస ఒక బర్రె. మస్తానమ్మది. మస్తానమ్మ పెన్నవరం పొలిమేర అవతలి వేటపాలెంలో పాలు పోసుకుని బతికే మనిషి. అరవై యేళ్లుంటాయి. మొగుడు పోయి పాతికేళ్లు. పిల్లలు లేరు. ఉన్నదల్లా నల్లపూస. అది అప్పుడు నిండుచూడిది. మరో పది పదిహేను రోజుల్లో ఈనేలా ఉంది. చూడి జీవానికి పులుపు మీద మనసు పోవడం సర్కారు ఊహించని విషయం. అది కంచె తోసుకుని లోపలికి వెళ్లి, కొలతకు పెట్టుకున్న కాయలు ఒక కొమ్మ మేర తినేసి, నీడన నిలబడి నెమరు వేస్తుండగా బంట్రోతులు పట్టుకుని బందెలదొడ్డిలో తోశారు. పదిహేను రోజుల్లో విడిపించుకోకపోతే పదహారో రోజు పొద్దున వేలం. తోట సర్కారుది కనుక విడుదలకు కలెక్టరు ఉత్తరువే కావాలి. ఉత్తరువుకు అర్జీ. అర్జీకి కాయ.

మస్తానమ్మ మొదటిరోజు వట్టి చేతులతో వచ్చింది. ఖాదర్ సాయిబు నెమ్మదిగా, “పెద్దమ్మా, కాయ ఏదీ?” అన్నాడు.

“కాయ ఏంది నాయనా. బర్రెను లోపలేసుకుంది మీరు. కాయ గూడా నేనే తేవాల్నా?”

“అది రూలు పెద్దమ్మా.”

“నా బర్రె తిన్న కాయలు అర్జీ కింద రాసుకోండి. కొమ్మడు తినింది. ఒక్కటి చాలదా?”

సాయిబుకు నవ్వొచ్చింది. కానీ మెడలో ఉంగరాలు ఉన్నాయి. నవ్వితే గణగణమంటాయి.

ఎండాకాలం. జిల్లాలో నిమ్మకాయ కంటికి కనపడదు. ఉన్నవన్నీ అర్జీదార్లు ముందే కోసుకున్నారు. నాలుగోరోజు ఆమె ఎవరి పెరట్లోనో బతిమాలి ఒక కాయ తెచ్చింది. అది చిన్న ఉంగరంలోంచి కూడా జారి కింద పడింది. ఎనిమిదోరోజు ఊరి పోలేరమ్మ మెళ్లో దండలోంచి పూజారి ఒక కాయ తెంపి ఇచ్చాడు. అమ్మవారి కాయ కొలతకు సరిగ్గా సరిపోయేది. కానీ వరసలో ముందు డెబ్బైమంది ఉన్నారు. రెండు రోజులు ఎండలో కూర్చున్నాక ఆమె వంతు వచ్చేసరికి కాయ ముడుచుకుపోయి, అదీ జారిపోయింది.

అప్పటికి పది రోజులయ్యాయి. మస్తానమ్మ కింద పడ్డ కాయను తీసుకుని కొంగున ముడేసుకుంది. మధ్యాహ్నం గంట కొట్టారు. రికార్డు గది కిటికీలోంచి వాసన వచ్చింది. ఆమె తల ఎత్తింది.

“నాయనా, లోపల ఏందది? ఊరేస్తుండారా?”

ఖాదర్ సాయిబు అటూ ఇటూ చూశాడు. తర్వాత ఉంగరాలు రెండూ గుప్పిట్లో పట్టుకుని, చప్పుడు కాకుండా, పక్కన కూర్చుని ఆ సంగతంతా చెప్పాడు. ఆమె విని, లేచి ఊరికి వెళ్లిపోయింది.

ఆమె మళ్లీ వచ్చింది పదిహేనోరోజున. ఆ రోజు కచేరీకి తోరణాలు కట్టారు. జిల్లాలన్నిటి మీదా అజమాయిషీ చేసే పై కచేరీ నుంచి మెంబరు దొర తనిఖీకి వచ్చాడు. ఆయన రావడానికి కారణం ఉప్పు. పెన్నవరం కచేరీ ఏటా పంపే సామాన్ల జాబితాలో కాగితం, సిరా, లక్క, దారం తర్వాత ఉప్పు కూడా ఉండేది. మొదటి యేడు రెండు బస్తాలు. ఆరో యేటికి రెండు బళ్లు. ఒక కచేరీ ఇంత ఉప్పు ఏం చేసుకుంటుందో స్వయంగా చూసి రమ్మన్నారు.

మెంబరు దొర లావుపాటి మనిషి. నలభై యేళ్ల సర్వీసు. అన్నం వేళ దాటితే లోకం మీద కోపం వస్తుంది. ఉప్పు ఎందుకని అడిగితే పెన్‌ఫోల్డ్ దొర, గడువును నిలవ ఉంచుటకు అని జవాబిచ్చి, తాలూకా తాలూకాకూ జాడీల మూతలు తీయించి చూపించాడు. పదకొండు వందల నలభై అర్జీలు, పదకొండు వందల నలభై సాక్ష్యాలు. పన్నెండు దాటింది. ఘాటు గది నిండా కమ్ముకుంది. మెంబరు దొర రెండుసార్లు గుటక మింగి, ఇది అసాధారణమైన పాలనాపద్ధతి అని మాత్రం అన్నాడు.

అప్పుడే మస్తానమ్మ వంతు వచ్చింది. ఆమె ఆకుదొప్ప ముందుకు చాచింది. అందులో ఒక నిమ్మకాయ ఉంది. నాలుగు పక్షాలుగా కోసి, ఉప్పూ కారమూ కూరి, నిరుడు ఊరేసినది. ఎర్రగా మెరుస్తోంది.

ఖాదర్ సాయిబు దాన్ని పెద్ద ఉంగరంలోంచి వదిలాడు. పడింది. చిన్న ఉంగరంలోంచి వదిలాడు. ఆగింది. ఇత్తడి మీదినుంచి ఊట బొట్లుబొట్లుగా కారింది.

పెన్‌ఫోల్డ్ దొర కళ్లు మూసుకుని తర్కించుకున్నాడు. అర్జీతో రావలసింది నిమ్మకాయ. వచ్చింది ఊరగాయ. ఇది చెల్లుతుందా? ఆయన తేల్చుకోలేక మెంబరు దొరవైపు చూశాడు. మెంబరు దొర శిరస్తాదారును పిలిచి, ఇది నిమ్మకాయా కాదా, ఒక్క ముక్కలో చెప్పమన్నాడు.

అనంతశయనం పంతులుగారు చిత్తం అన్నారు.

చిత్తం కాదు, అవునా కాదా అన్నాడు మెంబరు దొర.

ముప్ఫై ఆరేళ్లలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. పంతులుగారు జాడీలవైపు చూశారు. మస్తానమ్మవైపు చూశారు. ఆమె ఆయన్ని చూడటం లేదు. బందెలదొడ్డి ఉన్న దిక్కు చూస్తోంది. పంతులుగారు తలపాగా తీసి చంకలో పెట్టుకున్నారు.

“ఇది నిమ్మకాయేనండి. కాదంటే, ఈ కచేరీలో ఆరేళ్లుగా ఒక్క అర్జీ కూడా దాఖలు కానట్టేనండి.”

తర్కం ఎక్కడా తెగలేదు. మెంబరు దొరకు కూడా అది నచ్చింది. సాక్ష్యాన్ని తాను స్వయంగా పరీక్షిస్తానని చెప్పి, రొట్టెముక్క తెప్పించి, ఒక పక్షం నోట్లో వేసుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండో పక్షం తిన్నాడు. మూడోది పరీక్షకు అవసరం లేదని పంతులుగారు అనబోయేలోగా అదీ నాలుగోదీ అయిపోయాయి. దీంతో కొత్త పరిస్థితి ఏర్పడింది. కాయే లేకుండా పోయింది కనుక గడువు ఆ క్షణమే తీరిపోయింది. అర్జీని అక్కడికక్కడే తీర్మానించాలి. పెన్‌ఫోల్డ్ దొర కలం అందుకుని, ‘నల్లపూస యను ఒక బర్రెను తక్షణము విడుదల చేయవలెను’ అని రాసి సంతకం పెట్టాడు. ఆ సిరా ఆరకముందే మెంబరు దొర భోజనానికి లేచాడు. సాయంత్రానికి తర్వాతి మకాముకు వెళ్లిపోయాడు, బండిలో ఒక జాడీతో. అది ఏ తాలూకాదో పంతులుగారు వివరంగా విచారించలేదు.

మస్తానమ్మ కాగితం పట్టుకుని బందెలదొడ్డికి పరుగెత్తింది. అక్కడ నల్లపూస మధ్యాహ్నమే ఈనింది. పెయ్యదూడ. ఇంకా సరిగ్గా నిలబడలేక నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పెడుతోంది. దొడ్డి కాపలాదారు కాగితం రెండుసార్లు చదివించుకున్నాడు.

“దీంట్లో ఒక బర్రె అనుండాది. ఈడ తలకాయలు రెండుండాయి. పెద్దదాన్ని తోలకపో.”

“పిల్లనీడ ఇడిసిపెట్టి తల్లిని తోలకపొయ్యేదా? నీకేమన్నా అమ్మానాయనా ఉండారా, నువ్వూ దొడ్లోనే పుట్టినావా?”

కాపలాదారు కోపగించుకోలేదు. దూడ సర్కారు స్థలంలో సర్కారు గడ్డి మీద పుట్టింది కనుక సర్కారుదని, రేపు పొద్దున వేలంలో దాని వంతు వస్తుందని, కావాలంటే దానికి వేరే అర్జీ పెట్టుకోమని చెప్పాడు. అర్జీకి కాయ. ఆమె జాడీలో ఆఖరికాయ పొద్దున తెచ్చినదే.

పొద్దు వాలుతోంది. పెన్‌ఫోల్డ్ దొర రోజూలాగే తోటలో ఒక్కడే పచార్లు చేస్తున్నాడు. కంచె అవతల మస్తానమ్మ కూర్చుని ఉంది. ఏడవడం లేదు. సర్క్యులర్ల గురించి ఆమె ఏమీ మాట్లాడలేదు. ఆమె చెప్పింది ఒకటే సంగతి.

“దూడ లేకుండా బర్రె పాలు చేపదు దొరా. పొదుగు గడ్డలు కట్టి అదీ పోతాది, పాలు లేక ఇదీ పోతాది. రేపటికి నీకు వేలం వెయ్యను ఏమీ ఉండదు.”

దొర పచార్లు ఆపాడు. ఇందులో ఆయనకు ఖండించడానికి ఏమీ దొరకలేదు. దూడ తల్లిదగ్గర ఉండాలి అన్నదానికి ఆధారంగా ఏ సర్క్యులరూ లేదు. అయినా అది తిరుగులేనిదిగా ఉంది. ఆయన తర్కానికి ఇలాంటిది మునుపెన్నడూ తగలలేదు.

ఆయన చెయ్యెత్తి ఒక కాయ కోశాడు. ఆరేళ్లలో వేలకొద్దీ కాయలు ఆయన బల్లమీదికి వచ్చాయి. చెట్టునుంచి కోసినది మాత్రం ఇదే మొదటిది. తొడిమ దగ్గర ఇంకా వెచ్చగా ఉంది. దాన్ని కంచె మీదుగా ఆమెకు ఇచ్చాడు. ఆమె చూసి, అర్థం చేసుకుని, అదే కాయను కంచె మీదుగా తిరిగి ఆయనకు ఇచ్చింది. ఆయన వంగి పుచ్చుకున్నాడు. అక్కడే జేబులోంచి కాగితం తీసి, గుమ్మడికాయంత సూర్యుడి వెలుతురులో, దూడను కూడా వదలమని రాశాడు.

దూడ పుట్టిన మూడోరోజు పొద్దున మస్తానమ్మ కచేరీకి వచ్చింది. నెత్తిన గిన్నె, దానిమీద గుడ్డ. గుడ్డ తీస్తే జున్ను. బెల్లం వేసి, మిరియాలు దంచి చల్లి, ఆవిరిమీద ఉడికించింది. కత్తితో కోసేంత గట్టిగా, ముట్టుకుంటే వణికేట్టు ఉంది.

అది నిమ్మకాయ కాదు. ఆ విషయంలో ఎవరికీ సందేహం లేదు. ఖాదర్ సాయిబు గిన్నెను చూశాడు, తన ఉంగరాలను చూసుకున్నాడు. తర్వాత ఎర్రతాడు మెడలోంచి తీసి మేకుకు తగిలించి, గోడవైపు తిరిగి, అక్కడ ఎప్పటినుంచో ఉన్న ఒక పగులును శ్రద్ధగా పరిశీలించసాగాడు. పంతులుగారు మూడు దస్త్రాలు ఒకేసారి విప్పి వాటి వెనక్కి వెళ్లిపోయారు.

పెన్‌ఫోల్డ్ దొర, తాను దేశస్థుల వద్దనుండి ఏదియు స్వీకరింపజాలనని మొదలుపెట్టాడు. వాక్యం చాలా పొడుగు. ఆమె మధ్యలోనే అడిగింది.

“తిన్నావా నాయనా?”

మన ఇళ్లలో అది ప్రశ్న కూడా కాదు. వచ్చినవాణ్ణి అడుగుతాం, పోయేవాణ్ణి అడుగుతాం, జవాబు వినకుండా వడ్డిస్తాం. పెన్‌ఫోల్డ్ దొరను దాదాపు ఇరవై యేళ్లుగా ఆ మాట ఎవరూ అడగలేదు. వంటవాడు వేళకు పెట్టేవాడు. అడిగేవాడు కాదు. దొర వాక్యానికి క్రియాపదం దొరకలేదు. ఆయన కుర్చీలో కూర్చుని, చెంచా తెమ్మనకుండా, వేళ్లతో తిన్నాడు. గిన్నె అడుగు కనపడేదాకా తిన్నాడు.

ఆ తర్వాత నిజాయితీపరుడు ఏం చేస్తాడో అదే చేశాడు. తాను ఒక సర్కారు కాయను అక్రమంగా వినియోగించితిననియు, నిమ్మకాయ కాని ఒక పదార్థమును స్వీకరించి భుజించితిననియు, తగిన శిక్షకు సిద్ధముగా నున్నాననియు పై కచేరీకి తానే రాసుకున్నాడు. నెల తిరక్కుండా జవాబు వచ్చింది. ‘తమరు పంపిన నేరాంగీకారముతో సాక్ష్యవస్తువు జతపరచలేదు. జున్ను అనునది ఎట్టిదో ఈ కచేరీకి తెలియదు. నమూనా పంపవలెను. అంతవరకు ఫైలు పెండింగు.’

దొర ఆ యేడే పింఛను పుచ్చుకుని ఓడ ఎక్కాడు. చివరిరోజున నలభై ముగ్గురు ఉద్యోగులూ నలభై మూడు నిమ్మకాయలు ఇచ్చారు. ఆయన ఒక్కొక్కటీ అందుకుని, ఒక్కొక్కరినీ పేరుతో పిలిచాడు. ఆ పేర్లు ఆయనకు తెలుసునని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. పై కచేరీవారు సర్క్యులరును సవరించి, ‘నిమ్మకాయ తప్ప’ అన్న మాట తీసేశారు. కొత్త కలెక్టరు దాన్ని మూడు రోజులు చదివి, ఇకమీదట ప్రతి అర్జీదారుడూ ఏమీ తేలేదని రుజువుగా ఒక ఖాళీ పళ్లెం తేవాలని ఉత్తరువు చేశాడు. పళ్లేల కథ వేరు.

జున్ను ఫైలు మాత్రం నడుస్తూనే ఉంది. ప్రతి యేడూ నమూనా ఏమైందని పైనుంచి తాకీదు వచ్చేది. ప్రతి ఈతకూ పంతులుగారు ఉద్యోగధర్మం ప్రకారం మస్తానమ్మకు కబురు పంపేవారు. ఆమె గిన్నెతో తెచ్చేది. నమూనా ఏ యేడూ తపాలా బల్లదాకా చేరలేదు. ఖాదర్ సాయిబు బల్లకు దగ్గరగా కూర్చునేవాడు.

నాలుగో యేట తాకీదుతోపాటు ఇంగ్లండునుంచి ఒక ఉత్తరం కూడా వచ్చింది. పెన్‌ఫోల్డ్ దొరది. అక్కడ చలి ఎక్కువనీ, ఇల్లు చిన్నదనీ, పక్కింటివారు మర్యాదస్థులనీ, నల్లపూస, దాని బిడ్డ కులాసాయేనా అనీ రాశాడు. ఆ రోజు గిన్నెతో వచ్చిన మస్తానమ్మకు పంతులుగారు అది చదివి వినిపించారు. ఆమె దూడ ఈ యేడు ఎదకొచ్చిందని రాయమంది. ఇంకో మాట కూడా రాయమంది.

పంతులుగారికి ఉత్తరాలు ఒక్క పద్ధతిలోనే రాయడం వచ్చు. కచేరీ కాగితం తీసి, తేదీ వేసి, నంబరు వేసి, పైన విషయం అని గీత గీసి, చిత్తగించవలెను అని మొదలుపెట్టి, బర్రె కులాసా, పెయ్య కులాసా, మస్తానమ్మ కులాసా అని రాశారు. చివర కలం మళ్లీ సిరాలో ముంచి, ఇలా ముగించారు:

‘ఇందుమూలముగా తమరిని విచారించడమేమనగా, తమరు అన్నం తిన్నారా?’